కణం ఆకలి, మనిషి ఆకలి



శివరాత్రి వస్తుందంటే మన కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల నుంచి జనం వేములవాడ రాజన్న గుడికి బారులు తీరుతారు. ఉపవాసం, జాగారం, కోడె మొక్కు. ఎవరి మొక్కు వారిది, దాని జోలికి నేను పోవడం లేదు. అయితే ఈ మధ్య ఉపవాసానికి కొత్త ప్రచారం ఒకటి తోడైంది. రెండు మూడు రోజులు కడుపు ఖాళీగా ఉంచితే ఒంట్లోని కణాలు తమ చెత్తను తామే తినేస్తాయట. రోగనిరోధక శక్తి అమాంతం పెరుగుతుందట. టీబీ మొదలు క్యాన్సర్ దాకా అన్నీ మాయమవుతాయట. దీనికి నోబెల్ బహుమతి కూడా వచ్చిందంటూ ఫోన్ల నిండా వీడియోలు. వాటిలో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే, దగ్గుతో చిక్కిపోతున్న మనిషి చేతిలోని జొన్న రొట్టెను పక్కన పెట్టిస్తుంది. అందుకే ఈ వేళ, కణం తన చెత్తను తానే అరిగించుకునే ఈ ఆటోఫజీ గురించి, మన రక్షణ కణాల్లో దాని పని గురించి, ముఖ్యంగా టీబీ విషయంలో అది ఏం చేస్తుందన్న దాని గురించి మాట్లాడతాను.

ముందు ఆ నోబెల్ సంగతి. 2016లో వైద్యశాస్త్ర నోబెల్ జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి దక్కింది. ఆయన ఆ పరిశోధన చేసింది బేకరీలో రొట్టె పొంగడానికి కలిపే ఈస్ట్ మీద. 1990ల మొదట్లో ఈస్ట్ కణాలకు తిండి ఆపేసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. కొద్ది గంటల్లోనే వాటి లోపలి సంచిలో చిన్న చిన్న బుడగలు పోగుపడ్డాయి. అరిగించే ఎంజైములు లేని ఈస్ట్‌ను కావాలనే ఎంచుకున్నారు కాబట్టి, ఆ బుడగలు కరిగిపోకుండా కంటికి దొరికాయి. 1993 నాటికి ఈ పనికి కావలసిన 15 జన్యువులను ఆయన బృందం పట్టుకుంది. ఆటోఫజీ అనే పేరు అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1963లో, బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్ పెట్టారు. కణంలో అరుగుదల జరిగే లైసోజోములను కనిపెట్టింది కూడా ఆయనే.

కణం లోపల జరిగేది కాస్త దగ్గరగా చూద్దాం. పనికిరాని ప్రొటీన్ ముద్దలు, పాడైన మైటోకాండ్రియా ఉన్నచోట ముందుగా నెలవంక ఆకారంలో ఒక పొర పుడుతుంది. ఒకటి కాదు, రెండు వరసల పొర. అది సాగుతూ, వంగుతూ ఆ చెత్త చుట్టూ తిరిగి, రెండు కొసలూ కలిసి మూట కట్టుకుంటుంది. ఆ మూట లైసోజోమ్ దాకా పోయి దానిలో కలిసిపోతుంది. లైసోజోమ్‌లో ఆమ్లం ఉంటుంది, ఎంజైములు ఉంటాయి. మూటలో ఉన్నదంతా అక్కడ కరిగి అమైనో ఆమ్లాలుగా, కొవ్వులుగా విడిపోతుంది, మళ్లీ కణానికే అక్కరకొస్తుంది. పాత పెంకుటిల్లు విప్పినప్పుడు బాగున్న దూలాలు, వాసాలు, పెంకులు ఏరి కొత్త ఇంటికి వాడుకుంటాం చూడండి, ఇదీ ఆ పనే.

కణానికి ఆకలైందని ఎలా తెలుస్తుంది? కణం ఖర్చుపెట్టే శక్తి ఏటీపీ అనే అణువు రూపంలో ఉంటుంది. ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. దాదాపు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని పట్టుకున్నారు. కణంలో ఏటీపీ తగ్గినా, అమైనో ఆమ్లాలు తగ్గినా ఆటోఫజీ మొదలవుతుంది. తిండి దొరకని వేళ కణం తన సొంత సరుకుతో నాలుగు గంటలు గట్టెక్కే ఏర్పాటు ఇది. వీడియోల్లో చెప్పే ఉపవాసం మాటకు మూలం ఇంతవరకే.

ఇక రక్షణ కణాల దగ్గరకు వద్దాం. మన ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ గాలి తిత్తులున్నాయి. ప్రతి తిత్తిలోనూ మాక్రోఫేజులనే కణాలు తిరుగుతూ ఉంటాయి. పీల్చిన గాలితో ఏది లోపలికి వచ్చినా, దుమ్ము గానీ, పొగ గానీ, సూక్ష్మజీవి గానీ, పట్టి మింగడం వాటి పని. టీబీ రోగి దగ్గినప్పుడు గాలిలో తేలే తుంపరలతో వచ్చిన బ్యాక్టీరియాను కూడా ఇవే మింగుతాయి. మింగిన దాన్ని ఒక సంచిలో పెట్టి లైసోజోమ్‌తో కలిపితే కథ అక్కడితో ముగియాలి. టీబీ బ్యాక్టీరియా అంత తేలిగ్గా లొంగదు. ఆ సంచి లైసోజోమ్‌తో కలవకుండా అడ్డుపడుతుంది. తనను చంపాల్సిన కణాన్నే ఇల్లుగా చేసుకుని అక్కడే పిల్లలు పెడుతుంది. ఈ సంగతి 1971 నుంచి తెలుసు.

అయితే బ్యాక్టీరియా ఇంకో పని కూడా చేస్తుంది, అదే దాన్ని పట్టిస్తుంది. తానున్న సంచికి చిల్లు పెడుతుంది. ఆ చిల్లు గుండా దాని డీఎన్ఏ ముక్కలు కణద్రవ్యంలోకి కారతాయి. డీఎన్ఏ ఉండకూడని చోట కనబడగానే మాక్రోఫేజ్ అప్రమత్తమవుతుంది. యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను బ్యాక్టీరియా చుట్టూ గుర్తుగా అంటిస్తుంది. ఆ గుర్తును ఆనవాలు పట్టి ఇందాక చెప్పిన రెండు వరసల పొర వచ్చి, ఈసారి చెత్తకు బదులు బ్యాక్టీరియాను మూట కట్టి లైసోజోమ్‌కు అప్పగిస్తుంది. ముందు దారిలో తప్పించుకున్న శత్రువు వెనక దారిలో దొరికిపోతాడు. కణం తన చెత్త ఎత్తడానికి పెట్టుకున్న ఏర్పాటే రోగాన్ని తరిమే ఆయుధమవుతుంది. జీవశాస్త్రంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆశ్చర్యపరిచే సంగతుల్లో ఇదొకటి.

టీబీలో ఆటోఫజీ పాత్రను గట్టిగా చూపింది అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో వోయో డెరెటిచ్ బృందం, 2004లో. టీబీ జాతి బ్యాక్టీరియా ఉన్న మాక్రోఫేజులకు గాజు పాత్రలో కొద్ది గంటలు పోషకాలు ఆపారు. ఆటోఫజీ పెరిగింది, బ్యాక్టీరియా తగ్గింది. రాపమైసిన్ అనే మందు వేసినా అదే జరిగింది. చూశారా, ఆకలితో టీబీ చచ్చింది అని వీడియోలవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. అదే పరిశోధనలో ఇంకో ఫలితం ఉంది. పోషకాలు ఆపకుండానే, గామా ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం తగిలించినా మాక్రోఫేజ్ ఆటోఫజీ మొదలుపెట్టింది.

ఈ గామా ఇంటర్‌ఫెరాన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువగా టీ కణాలనే ఇంకో రకం రక్షణ కణాల నుంచి. టీబీ సోకిన కొన్ని వారాలకు టీ కణాలు మేల్కొని ఊపిరితిత్తుల్లోకి చేరి, మాక్రోఫేజులకు ఈ పదార్థంతో కబురు పెడతాయి. మనిషి ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్‌ను పనికి పురమాయించే గట్టి ఆజ్ఞ ఇదే. ఆ టీ కణాలు ఒకటి పదై, పది వేయై పెరగాలంటే ప్రొటీన్ కావాలి, శక్తి కావాలి, జింకు, విటమిన్లు కావాలి. అంటే తిండి కావాలి. మాట మొత్తం ఇక్కడే తిరుగుతుంది. ఒక కణానికి కొన్ని గంటల ఆకలి వేరు, మనిషికి నెలల తరబడి ఆకలి వేరు. మొదటిది ఆటోఫజీని లేపుతుంది. రెండోది ఆటోఫజీని లేపాల్సిన టీ కణాలనే మట్టుపెడుతుంది.

ఇది ఊహ కాదు. 1996లో న్యూయార్క్‌లో కొందరు శాస్త్రవేత్తలు ఎలుకలకు టీబీ సోకించి, కొన్నిటికి మామూలు మేత, కొన్నిటికి 2 శాతమే ప్రొటీన్ ఉన్న మేత పెట్టారు. ప్రొటీన్ తక్కువైన ఎలుకల ఊపిరితిత్తుల్లో గామా ఇంటర్‌ఫెరాన్ బాగా పడిపోయింది, అవి త్వరగా చచ్చిపోయాయి. వాటిలోనే కొన్నిటికి తిరిగి పూర్తి మేత పెడితే తేరుకున్నాయి. మందు వేయలేదు, మేత మార్చారు, అంతే.

రాపమైసిన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1964లో ఈస్టర్ దీవి నుంచి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు ఇది. ఆటోఫజీని బాగా రేపుతుంది. అదే మందును కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు, కొత్త కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా, రోగనిరోధక శక్తిని తగ్గించడానికి ఇస్తారు. ఆటోఫజీ పెరిగిందంటే రోగనిరోధక శక్తి పెరిగినట్టే అనేవాళ్లు ఈ ఒక్క మందును గుర్తుపెట్టుకుంటే చాలు. టీ కణాల్లోనూ, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల్లోనూ ఆటోఫజీ కావాలి. అది లేకపోతే ఒకసారి చూసిన రోగాన్ని ఏళ్ల తరబడి గుర్తుంచుకునే టీ కణాలు నిలవవు. అయితే ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నది ఒళ్లే నిర్ణయించుకోవాలి, మనం కడుపు కట్టేసి నిర్ణయించేది కాదు.

ఎలుకలు సరే, మనుషుల సంగతి? మన దేశంలోనే జరిగిన గొప్ప పరిశోధన ఒకటుంది. జార్ఖండ్‌లో, మన ఆదిలాబాద్ ఏజెన్సీ లాగే ఆదివాసీలు ఎక్కువగా ఉండే రాష్ట్రంలో, అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ అనే వైద్య దంపతులు 2019 నుంచి 2,800 మంది టీబీ రోగులనూ, వాళ్ల ఇళ్లలోని పది వేల మందికి పైగా కుటుంబసభ్యులనూ గమనించారు. రోగులందరికీ మందులతో పాటు నెలనెలా రేషన్ ఇచ్చారు. సగం ప్రాంతాల్లో కుటుంబసభ్యులకు కూడా, మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ గోలీలు అందించారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. గల్ల పరీక్షలో తేలే ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో ఒంటి బరువు 5 శాతం పెరిగినవాళ్లకు చావు ముప్పు 61 శాతం తక్కువ. 2023లో ఈ ఫలితాలు లాన్సెట్ పత్రికల్లో వచ్చాయి. బియ్యం, పప్పు. ఇంతకన్నా చవకైన టీకా ఏముంటుంది?

ఉట్నూరు, జైనూరు, కెరమెరి వైపు ఊళ్లలో వానాకాలం నడుమ ఒక గడ్డుకాలం ఉంటుంది. పాత గింజలు నిండుకుంటాయి, కొత్త పంట ఇంకా చేనులోనే ఉంటుంది. ఇంట్లో అందరికీ వడ్డించాక గిన్నెలో ఏం మిగిలితే అది తినే తల్లులున్నారు. వాళ్లకు వేరే ఉపవాసం ఎందుకు? టీబీ గోలీలు వేసుకుంటున్న మనిషికి కావలసింది జొన్న గటకలోకి గట్టి పప్పు, రోజూ గుడ్డు, పల్లీలు, దొరికితే చేపలు, మాంసం. ఏజెన్సీలో చేసే ఇప్పపువ్వు లడ్డూలు కూడా మంచి తిండే. నిక్షయ్ పోషణ్ యోజన కింద టీబీ రోగి బ్యాంకు ఖాతాలో 2018 నుంచి నెలకు 500 రూపాయలు వేసేవాళ్లు, 2024 నవంబర్ నుంచి అది 1,000 రూపాయలైంది. ఆ డబ్బు మందు ఎంతో అంత. దాన్ని ఇంటి అప్పులకో, ఎరువులకో మళ్లించకుండా పప్పులోకి, గుడ్లలోకి పెట్టండి.

తిండి తర్వాత దుమ్ము. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల సంగతి మీకు తెలుసు. టాన్ బ్రౌన్ రాయి ఓడలెక్కి దేశదేశాలకు పోతుంది. గుట్ట మీద డ్రిల్లు వేసేటప్పుడు, కింద కోత మిషన్ల దగ్గర నీళ్లు చాలనప్పుడు లేచే తెల్లటి దుమ్ము చూడండి. కనురెప్పల మీద, మీసం మీద పేరుకుని కంటికి కనిపించే దుమ్ముతో అంత ప్రమాదం లేదు, అది ముక్కులోనే ఆగుతుంది. కంటికి ఆననంత సన్నటి సిలికా రేణువులు మాత్రం గాలి తిత్తుల దాకా పోతాయి. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని బొగ్గు గనుల్లో బొగ్గు పొరల నడుమ ఇసుకరాయి తగిలినప్పుడు లేచేదీ ఇదే సిలికా.

ఆ రేణువును మాక్రోఫేజ్ మింగుతుంది. లైసోజోమ్‌లో వేస్తుంది. రాయి కదా, కరగదు. పైగా లైసోజోమ్ పొరను చింపేస్తుంది. లోపలి ఎంజైములు కణంలోకి కారిపోతాయి. ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రొటీన్ల కూటమి మేల్కొని మంట, వాపు రేపుతుంది. కణం చచ్చిపోతుంది, రేణువు బయటపడుతుంది, దాన్ని ఇంకో మాక్రోఫేజ్ మింగుతుంది, మళ్లీ అదే కథ. చిరిగిన లైసోజోములను మూటగట్టి తీసేయడానికి ఆటోఫజీయే పరిగెత్తుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2013లో చూపారు. ఆ మంటను అదుపులో పెట్టేదీ ఆటోఫజీయే. ఇప్పుడు హైదరాబాద్ సీసీఎంబీలో ఉన్న సంతోష్ చౌహాన్ బృందం భువనేశ్వర్‌లో ఉన్నప్పుడు, 2019లో, ఐఆర్‌జీఎం అనే మన ప్రొటీన్ ఒకటి ఎన్ఎల్ఆర్‌పీ3 కూటమిని కట్టనీయకుండా ఆపుతుందని, కట్టిన వాటిని ఆటోఫజీకి అప్పగిస్తుందని తేల్చింది. అయితే రోజూ పది గంటలు దుమ్ము పీల్చే మనిషిలో ఈ ఏర్పాటుకు ఊపిరి సలపదు. ఇక టీబీ బ్యాక్టీరియా వచ్చిందంటే దాన్ని మూట కట్టే తీరిక ఎక్కడిది? ఇలా సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ ముప్పు మామూలు మనుషుల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కోత దగ్గర నీళ్లు, దుమ్ము లాగే మిషన్లు, సరైన మాస్కు, ఏటేటా ఛాతీ ఎక్స్‌రే, ఇవి కూలీ అడుక్కోవలసిన దయ కాదు, యజమాని ఇచ్చి తీరవలసినవి.

బీడీ గురించి కూడా చెప్పాలి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతుల మీదే ఎన్నో కుటుంబాలు నడుస్తున్నాయి. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ తాగేవాళ్లు ఇది వినాలి. 2010లో అమెరికాలో సిగరెట్ తాగేవాళ్ల ఊపిరితిత్తుల నుంచి మాక్రోఫేజులను తీసి చూశారు. వాటిలో మూటలు కట్టడం జరుగుతోంది, అవి లైసోజోమ్‌లో కరగడం మాత్రం ఆగిపోయింది. కట్టిన మూటలు కట్టినట్టే పేరుకుపోయి ఉన్నాయి. పొగ ఏ ఆకులో చుట్టినా పొగే.

ఇక మందులు. ఐసోనియాజిడ్, పైరజినమైడ్ అనేవి టీబీ గోలీల్లో ముఖ్యమైనవి. ఇవి నేరుగా బ్యాక్టీరియాను చంపుతాయనే అందరం అనుకుంటాం, అది నిజమే. 2012లో కొరియా శాస్త్రవేత్తలు దానికి ఇంకొకటి చేర్చారు. ఈ మందులు పడ్డప్పుడు బ్యాక్టీరియా ఉన్న మాక్రోఫేజ్‌లో ఆటోఫజీ కూడా లేస్తుంది. ఆటోఫజీని అడ్డుకుంటే మందు పని సన్నగిల్లుతుంది. అంటే గోలీ ఒక్కటే పోరాడటం లేదు, మీ కణం కూడా దానితో కలిసి పోరాడుతోంది. రెండు నెలలకు దగ్గు తగ్గి ఆకలి పుట్టగానే గోలీలు మానేసేవాళ్లున్నారు. లోపల మాక్రోఫేజులు ఇంకా సగం పనిలో ఉంటాయి. ఆరు నెలల కోర్సు ఆరు నెలలూ వాడవలసిందే.

ఇదంతా విని, ఆటోఫజీని పెంచే గోలీ ఏదైనా ఉందా అని మీరు అడగవచ్చు. ప్రయోగశాలలో విటమిన్ డి మనిషి కణాల్లో ఆటోఫజీని లేపి టీబీ బ్యాక్టీరియాను తగ్గించిందని 2009లో తేలింది. ఎంతో ఆశ పుట్టింది. తర్వాత మంగోలియాలో 8,851 మంది బడి పిల్లలకు మూడేళ్లు వారం వారం విటమిన్ డి ఇచ్చి చూస్తే, టీబీ సోకడం ఏమీ తగ్గలేదని 2020లో ఫలితం వచ్చింది. 2015లో ఎలుకల మీద చేసిన ఇంకో పరిశోధన ఇంకా చిక్కుముడి వేసింది. ఏటీజీ5 అనే ఒక్క జన్యువు తీసేస్తే ఎలుకలు టీబీకి లొంగిపోయాయి. ఆటోఫజీకి అంతే ముఖ్యమైన వేరే జన్యువులు తీసినా అవి తట్టుకున్నాయి. 2023లో మళ్లీ ఆటోఫజీ పాత్రను బలపరిచే ఫలితాలు వచ్చాయి. శాస్త్రం ఇలాగే, ముందుకు రెండడుగులు, వెనక్కి ఒకటి వేస్తూ పోతుంది. గాజు పాత్రలో గెలిచినదంతా మనిషి ఒంట్లో గెలవదు. అందుకే అంగళ్లలో ఆటోఫజీ పేరు పెట్టి అమ్మే పొడులకు, కషాయాలకు డబ్బు పోయకండి.

చివరగా, ఇంట్లో ఒకరికి టీబీ అని తేలినప్పుడు మిగతావాళ్లు చేయవలసిన పని ఒకటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఆ ఇంటి గాలిని పీల్చిన ప్రతి ఒక్కరి ఊపిరితిత్తుల్లోనూ మాక్రోఫేజులు ఇప్పటికే బ్యాక్టీరియాను మింగి ఉండవచ్చు. ఎక్కువమందిలో అవి దాన్ని ఏళ్ల తరబడి అణచి ఉంచుతాయి. షుగర్ వచ్చినా, తిండి తగ్గినా, హెచ్ఐవీ ఉన్నా ఆ పట్టు సడలుతుంది. కాబట్టి ఇంటిల్లిపాదీ, చంటిపిల్లలతో సహా, దగ్గరలోని సర్కారు దవాఖానకు వెళ్లి పరీక్ష చేయించుకోండి. రోగం లేదని తేలినవాళ్లకు కూడా, రాకుండా ఆపే గోలీలు అక్కడ ఉచితంగా ఇస్తారు. కొన్ని రోజూ ఆరు నెలలు వేసుకునేవి, కొన్ని వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలు వేసుకునేవి. మీకు ఏది సరిపోతుందో డాక్టర్ చెబుతారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే దారి చూపిస్తారు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గల్ల పరీక్షకు ఆలస్యం చేయకండి. పొద్దున లేవగానే, పుక్కిలించిన తర్వాత, గుండెల నిండా ఊపిరి పీల్చి లోపలి నుంచి దగ్గి తీసిన గల్లే పరీక్షకు పనికొస్తుంది. ఉమ్మి పనికిరాదు.